ఒకటే సొనాటా.. రెండు పియానోలు!

‘మూన్‌లైట్ సొనాటా’ మీరు వినే ఉంటారు. పేరు గుర్తులేకపోయినా ఏ రీల్‌లోనో, సినిమాలోనో నెమ్మదిగా సాగే ఆ పియానో ట్యూన్ చెవిన పడే ఉంటుంది. బీథోవెన్ దాన్ని 1801లో పూర్తిచేశాడు. విచిత్రమేంటంటే, ఇప్పుడు మనం చూసే పియానో అప్పటికి పుట్టనే లేదు!

మరి దేనిమీద వాయించాడు? దాన్నిప్పుడు ఫోర్టెపియానో అంటున్నారు. చట్రమంతా చెక్కే. చిన్న చిన్న సుత్తులు, వాటికి తోలు తొడుగు. కీస్ అరవై చిల్లర. ఇప్పటి కాన్సర్ట్ గ్రాండ్‌కైతే 88 కీస్, లోపల పోత ఇనుప చట్రం, బరువు దాదాపు 500 కిలోలు. పాతదాంట్లో మోగిన స్వరం తొందరగా ఆరిపోతుంది. కొత్తదాంట్లో చాలాసేపు నిలబడుతుంది. చిక్కంతా ఇక్కడే వచ్చింది.

మొదటి భాగం మొత్తం తీగల మీది డ్యాంపర్లు ఎత్తే ఉంచి వాయించమని బీథోవెన్ రాశాడు. ఈనాటి పియానోపై ఆ మాట అక్షరాలా పాటిస్తే, ఒక స్వరం ఆరకముందే ఇంకోటి వచ్చి పడి అంతా కలగాపులగం అవుతుంది. అందుకే చాలామంది మధ్యమధ్యలో పెడల్ వదిలి మళ్లీ నొక్కుతారు. హంగేరీలో పుట్టిన ఆండ్రాష్ షిఫ్ మాత్రం బీథోవెన్ మాటే నాకు ముఖ్యం అన్నట్టు వాయిస్తాడు. అతని రికార్డింగ్ వింటే నాకు పొగమంచులో నడిచినట్టే ఉంటుంది. నాకది నచ్చింది. మీకు నచ్చకపోవచ్చు కూడా!

మోజార్ట్ దగ్గరా ఇదే పేచీ. జపాన్‌లో పుట్టిన మిత్సుకో ఉచిడా అంత పెద్ద పియానోని గుసగుసలాడేంత మెత్తగా పలికిస్తుంది. కెనడా పియానిస్టు గ్లెన్ గౌల్డ్ అయితే అందరూ పరుగెత్తించే ‘టర్కిష్ మార్చ్’ని తాపీగా, ముక్కలు ముక్కలుగా వాయించి పెద్ద దుమారమే లేపాడు.

పాత సంగీతాన్ని కొత్త వాద్యంపై వాయించడమే తప్పని వాదించేవాళ్లున్నారు. నేనొప్పుకోను. మూన్‌లైట్ మూడో భాగం వినండి, తుపానే! బీథోవెన్ వాయిస్తుంటే పియానో తీగలు తెగిపోయేవని ఆనాటివాళ్లు చెప్పుకున్నారు. ఆ ఊపుని తట్టుకునే బలం ఇనుప చట్రానికుంది. మొదటి భాగంలో కొత్త పియానో పోగొట్టేదేదో ఉంటే, మూడో భాగంలో దానికి అంతకంత ఇస్తుంది.

నా బాధల్లా వేరే. స్ట్రీమింగ్ యాప్‌లు ‘నిద్రకి’, ‘చదువుకి’ అంటూ ఇచ్చే ప్లేలిస్టుల్లో మొదటి భాగం ఒక్కటే పెట్టి వదిలేస్తాయి. తుపాను దాకా మనల్ని రానివ్వవు. మూడు భాగాలూ కలిస్తేనే కదా అది సొనాటా!

కొంచెం ఓపికుంటే ఆర్టర్ ష్నాబెల్‌నీ వెతకండి. బీథోవెన్ 32 సొనాటాలన్నీ మొదటిసారి రికార్డు చేసింది ఆయనే, 1932-35 మధ్య లండన్‌లో. రికార్డుకి ఒక్కోవైపు నాలుగైదు నిమిషాలే పట్టే రోజులవి. బరబర శబ్దం ఉంటుంది, అక్కడక్కడా తప్పు స్వరాలూ దొర్లుతాయి. అయినా ఆ తెగింపు ముందు అవేవీ గుర్తుండవు.

ఈ రాత్రి ఫోన్ స్పీకర్ వద్దు, ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి. మూన్‌లైట్ మూడు భాగాలూ కలిపి పావుగంటే. ముందు షిఫ్, తర్వాత ష్నాబెల్. మధ్యలో మాత్రం స్కిప్ కొట్టకండి!