తాతల నాటి ఫొటో గోడకెక్కాలంటే ఏ కాగితం మీద వేయించాలి?

మన పెద్దల పాత ఫొటోలతో ఒక ప్రదర్శన పెట్టాలని సంఘంలో ఎవరో ఒకరు ప్రతి ఏడూ అంటూనే ఉంటారు. సంక్రాంతికో, ఉగాదికో, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికో ముహూర్తం కుదురుతుంది. ఫొటోలు పోగవుతాయి, స్కాన్ చేయిస్తాం. ఏ కాగితం మీద ప్రింటు వేయించాలన్నది మాత్రం చివరి రోజు దాకా ఎవరికీ గుర్తు రాదు.

రెండేళ్ల కిందట మేమూ అలాగే చేశాం. నలభై ఇళ్ల నుంచి ఫొటోలు తెచ్చి, దగ్గర్లోని ఒక స్టూడియోలో మామూలు గ్లాసీ కాగితం మీద వేయించాం. వాటిని అట్టలకు గమ్ముతో అంటించి, అద్దానికి ఆనించి ఫ్రేములు కట్టించాం. మూడు రోజుల ప్రదర్శన బాగానే జరిగింది. అయిపోయాక ప్రింట్లను ఆయా ఇళ్లకే ఇచ్చేశాం. వానాకాలం దాటేసరికి ఫోన్లు మొదలయ్యాయి. ఒకరి ఇంట్లో ఫొటో అద్దానికి అతుక్కుపోయింది, తీయబోతే ముఖం ఊడివచ్చింది. ఇంకొక పెద్దావిడ ఇంట్లో అసలు ఫొటోను చెద తినేసింది, మేమిచ్చిన ప్రింటేమో అప్పటికే రంగు మారిపోయింది. స్కాన్ మా దగ్గర ఉంది కాబట్టి మళ్లీ వేయించి ఇచ్చాం. ఇందులో స్టూడియోవాళ్ల తప్పేమీ లేదు. అడగాల్సింది మేమే అడగలేదు. ఆ తర్వాత నేర్చుకున్నది ఇక్కడ చెబుతున్నాం.

ప్రదర్శన అయ్యాక ప్రింటు ఎక్కడికి పోతుంది?

కాగితం ఎంపిక ఈ ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. మూడు రోజులు గోడ మీద ఉండి మూలకు చేరే ప్రింటుకు ఖరీదైన కాగితం దండగ. అదే ప్రింటు ఒక ఇంటికి వెళ్లి, అసలు ఫొటో పోయాక దాని స్థానంలో నిలవాల్సి ఉంటే చౌక కాగితం దండగ. మొత్తం నలభై ఫొటోలకూ ఒకే కాగితం అక్కర్లేదు. ఇంటికి వెళ్లేవి పదే అయితే, ఆ పదింటికి మంచి కాగితం కొని మిగతావాటికి మామూలుది వాడితే ఖర్చు చేతిలో ఉంటుంది.

కాగితాల్లో రకాలు

స్టూడియోల్లో మామూలుగా ఇచ్చేది ఆర్‌సీ కాగితం. దీనికి రెండు వైపులా పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది. ముడత పడదు, త్వరగా ఆరుతుంది, ధర తక్కువ. కొద్ది రోజుల ప్రదర్శనకు ఇది చాలు. గ్లాసీ కంటే లస్టర్ అనే సన్న గరుకు రకం మేలు. వేలిముద్రలు కనబడవు, ట్యూబ్‌లైటు మెరుపు కూడా తగ్గుతుంది.

రెండోది కాటన్ రాగ్. ఒకప్పుడు పాత గుడ్డపీలికలతో చేసేవారు కాబట్టి రాగ్ అన్న పేరు నిలిచింది. ఇప్పుడు పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి పోగులతో చేస్తారు. నేత, పత్తి వ్యాపారం తెలిసిన మన ఇళ్లకు ఇది కొత్త సంగతి కాదు. దినపత్రికను ఎండలో పెడితే పసుపెక్కుతుంది. అందులోని కట్టెగుజ్జులో లిగ్నిన్ ఉండటమే అందుకు కారణం. పత్తిలో ఆ బెడద దాదాపు లేదు. జర్మనీలో 1584 నుంచి కాగితం చేస్తున్న హానెమ్యూలే మిల్లువారి ఫొటో రాగ్ ఈ కోవలోదే. నూటికి నూరు పాళ్లు పత్తి, బరువు 308 జీఎస్‌ఎం. పట్టుకుంటే పెళ్లిపత్రిక అట్టలా దిట్టంగా ఉంటుంది.

మూడోది ఆల్ఫా సెల్యులోజ్. ఇదీ కట్టెగుజ్జే, కాకపోతే లిగ్నిన్ తీసేసి శుద్ధి చేసింది. కాటన్ అంత ఖరీదు ఉండదు, మామూలు కాగితం కంటే చాలా ఏళ్లు నిలుస్తుంది. బడ్జెట్ సరిపోనప్పుడు మధ్యేమార్గం ఇదే.

నాలుగోది బరైటా. కాగితం మీద బేరియం సల్ఫేట్ అనే తెల్లటి ఖనిజపు పొర వేసి, దాని మీద ఇంకు పట్టే పూత వేస్తారు. అడుగున ఉండేది పత్తి గానీ, ఆల్ఫా సెల్యులోజ్ గానీ అయి ఉంటుంది.

అసలు ఫొటోను చూసి కాగితం

మన ఇళ్లలోని నలుపు తెలుపు స్టూడియో ఫొటోలు, అంటే తాతగారు కుర్చీలో, నాయనమ్మ పక్కన నిలబడి తీయించుకున్నవి, చాలావరకు బరైటా పొర ఉన్న కాగితం మీద వేసినవే. అందుకే వాటికి బరైటా కాగితం చక్కగా నప్పుతుంది. పట్టుచీర అంచు, కోటు మడతల్లోని నలుపు లోతుగా వస్తాయి. నలుపు గాఢతను కొలిచే అంకెల్లో మ్యాట్ కాగితం సుమారు 1.6, 1.7 దగ్గర ఆగితే బరైటా 2.2 దాటుతుంది.

అయితే బరైటాకు కొంచెం మెరుపు ఉంటుంది. హాల్లో వరుసగా ట్యూబ్‌లైట్లుంటే చూసేవాళ్లకు ఫొటోకు బదులు లైటే కనబడుతుంది. అలాంటి చోట మ్యాట్ కాటన్ వేయించండి. గోధుమరంగు తిరిగిన చాలా పాత ఫొటోలకు, ఉత్తరాలకు, దస్తావేజులకు కూడా మ్యాట్ కాటనే బాగుంటుంది. 1970లు, 80ల నాటి కలర్ ఫొటోలకు లస్టర్ చాలు, ఇంటికి వెళ్లేదైతే బరైటా.

మరీ తెల్లగా ఉంటే అనుమానించండి

పంచెకు నీలిమందు పెట్టినట్టు, కొన్ని కాగితాలకు తెలుపు పెంచే రసాయనం కలుపుతారు. బట్టల సబ్బుపొడిలో ఉండేలాంటిదే. షాపులో మల్లెపువ్వులా మెరుస్తుంది. ఏళ్లు గడిచి వెలుగు తగిలేకొద్దీ ఆ గుణం తగ్గి, కాగితం తన సహజమైన రంగుకు దిగుతుంది. ఫొటోలోని తెలుపు కూడా దానితో పాటే మారుతుంది. నోట్లు పరీక్షించే యూవీ లైటు కింద పెట్టి చూడండి. నీలంగా బాగా వెలిగితే రసాయనం ఎక్కువన్నమాట. నేచురల్ వైట్ అని రాసి ఉన్న కాగితం కాస్త మీగడరంగులో ఉంటుంది. పాత ఫొటోకు అదే అందం.

పెట్టె మీద ఆమ్లరహితం అని ఉందో లేదో చూడండి. ఐఎస్‌ఓ 9706 అని ఉంటే ఇంకా మంచిది. ఎక్కువ కాలం నిలిచే కాగితానికి అంతర్జాతీయ ప్రమాణం అది.

ఇంకు, స్కాను సరిగా లేకపోతే కాగితం ఏం చేస్తుంది?

ఎంత మంచి కాగితమైనా డై ఇంకు వేస్తే త్వరగా వెలిసిపోతుంది. పిగ్మెంట్ ఇంకు ఉన్న ప్రింటరేనా అని అడగండి. మ్యాట్ కాగితానికి ఒక రకం నల్ల ఇంకు, మెరుపు కాగితానికి ఇంకో రకం వాడతారు. ఆ కాగితానికి తయారుచేసిన ఐసీసీ ప్రొఫైల్ పెట్టకపోతే ముఖాలు పచ్చగానో ఎర్రగానో వస్తాయి. ఇంకు పట్టే పూత చాలా కాగితాలకు ఒకవైపే ఉంటుంది. మూలన తడివేలు ఆనిస్తే కొంచెం అతుక్కునేదే ప్రింటు వేయాల్సిన వైపు.

12×18 అంగుళాల ప్రింటుకు 300 డీపీఐ లెక్కన 3600×5400 పిక్సెళ్లు కావాలి. 4×6 ఫొటోను 1200 డీపీఐలో స్కాన్ చేస్తే ఇంకా మిగులు కూడా ఉంటుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో నలిగిపోయి వస్తుంది. దాన్ని ఏ కాగితమూ బాగుచేయలేదు. ఇల్లిల్లూ తిరిగి స్కాన్ చేసుకోవడమే మార్గం.

మొత్తం వేయించే ముందు ఒకే ఫొటోను రెండు కాగితాల మీద చిన్న సైజులో తీయించి, ప్రదర్శన జరిగే హాల్లోనే, అక్కడి లైట్ల కిందే చూడండి. మా రెండో విడతలో ఈ ఒక్క పనితో చాలా ఖర్చు తప్పింది.

అద్దం, తేమ

చెన్నై, యానాం, బరంపురం వైపు గాలిలో తేమ ఎక్కువ. కాగితాన్ని ప్రింటుకు ముందు ఒక రోజు ఆ గదిలోనే ఉంచాలి. ప్రింటు అయ్యాక ఇంకో రోజు ఆరనివ్వాలి. ఆ తర్వాతే ఫ్రేము. ఫొటో అద్దాన్ని తాకకూడదు. మధ్యలో కిటికీలా కోసిన ఆమ్లరహిత మౌంట్ బోర్డు పెట్టిస్తే రెండింటికీ మధ్య ఖాళీ ఉంటుంది. గమ్ము, సెల్లోటేపు వద్దు. ఆమ్లరహిత పేపర్ టేపుతో పైఅంచు మాత్రమే పట్టిస్తే చాలు. ఎండ నేరుగా పడే గోడకు తగిలించకండి.

అసలు ఫొటోలను మాత్రం ప్రదర్శనలో పెట్టవద్దు. స్కాన్ అయిన రోజే చేతికి చేయిగా ఇంటివాళ్లకు ఇచ్చేయండి. ఆ నమ్మకం ఉంటేనే వచ్చే ఏడు ఇంకో నాలుగిళ్లు బీరువా తెరుస్తాయి.

వెనకవైపు కూడా

చివరిగా ఒక మాట. మన పాత ఫొటోల వెనక పెద్దల చేతిరాతలో పేరు, ఊరు, తేదీ ఉంటాయి, తెలుగులో. తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ బడుల్లో చదివిన మన పిల్లల్లో చాలామంది దాన్ని చదవలేరు. స్కాన్ చేసేటప్పుడు వెనకవైపూ తీయండి. దాన్ని చిన్నదిగా మ్యాట్ కాగితం మీద వేయించి ఫొటో పక్కనే పెట్టండి, కింద పిల్లలకు తెలిసిన లిపిలో కూడా రాయండి. మా రెండో ప్రదర్శనలో పిల్లలు ఎక్కువసేపు నిలబడింది ఆ చేతిరాతల ముందే. ఒక్కో అక్షరం ఏమిటని పక్కనున్న అమ్మమ్మలను అడిగి మరీ చదివించుకున్నారు.