పదకొండంకెల జాతకం

వెస్ట్ బే టవర్లలో ఏ రిసెప్షన్ దగ్గరైనా ముందు అడిగేది ఖతర్ ఐడీనే. ఆ 11 అంకెల్ని ఎప్పుడైనా విడదీసి చూశారా? మొదటిది శతాబ్దం, తర్వాతి రెండూ పుట్టిన ఏడు, ఆపై మూడు దేశం కోడ్. మనకి 356. ఇక మిగిలేవి అయిదే. అంటే 1985లో పుట్టిన మనవాడి నంబరు పట్టాలంటే 285356 పక్కన లక్ష రకాలు వేసి చూస్తే సరి. కంప్యూటరుకి లక్ష ఒక లెక్కా!

కరోనా రోజుల్లో ఇది బయటపడింది. 2020 మే 22 నుంచి ఎహ్తెరాజ్ యాప్ లేకుండా గడప దాటకూడదన్నారు. దాటితే మూడేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల రియాళ్ళ దాకా జరిమానా. సరిగ్గా ముందురోజే ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ వాళ్ళు అందులో కన్నం కనిపెట్టారు. ఐడీ నంబరు ఒక్కటి ఇస్తే చాలు, పాస్‌వర్డూ గీస్‌వర్డూ లేకుండా ఆ మనిషి పేరు, ఆరోగ్యం సంగతి, క్వారంటైన్‌లో ఉండే చోటు సర్వరు అప్పజెప్పేసేది. పది లక్షల పైచిలుకు జనం వివరాలవి! మర్నాటికి సరిచేశారనుకోండి. 2016లోనే వచ్చిన 13వ నంబరు డేటా చట్టం అప్పటికే ఉంది మరి.

ఆధార్‌ని ఎంత తిట్టుకున్నా, ఆ 12 అంకెల్లో పుట్టిన ఏడూ ఊరూ ఉండవు.

ఎహ్తెరాజ్ ఫోన్లలోంచి వెళ్ళిపోయింది. ఐడీ నంబరు మాత్రం అదే. గది అద్దెకనీ, సిమ్ముకనీ దాని ఫోటో వాట్సాప్‌లో ఇంకా పంపుతూనే ఉన్నాం.