ఘంటసాల గానమున కేది తొలిమెట్టు?

ఘంటసాల వేంకటేశ్వరరావుగారి కంఠమును విననివారు తెలుగునాట అరుదు. కాని చెవిని పడుట వేఱు, చెవియొగ్గి వినుట వేఱు. నేటి బాలురలో పెక్కుమంది ఆ కంఠమును తొలుత వినునది మృతుల యింటి ముంగిట మ్రోగు భగవద్గీతలో. ఆ స్వరము వినవచ్చినంతనే "ఎవరు పోయిరి?" అని యడుగుట పరిపాటియైనది. ఒక మహాగాయకుని గానము చావుకబురుగా మిగులుట మనకు తీరని లోటు. దానిని తీర్చగలవారు ఉపాధ్యాయులే.

భీమునిపట్నము ప్రాంతమువారికి ఈ గాయకుడు పరాయివాడు కాడు. 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లా చౌటపల్లిలో జన్మించినను, ఆయన విద్య పండినది ఈ పట్టణమునకు అనతిదూరముననున్న విజయనగరమున. ఆనాడది విశాఖపట్నము జిల్లాలోనిదే. 1919లో వెలసిన అచ్చటి సంగీత కళాశాలకు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులు. పిదప ద్వారం వేంకటస్వామినాయుడుగారు ఆ పీఠము నలంకరించిరి. బాల్యముననే తండ్రిని కోల్పోయిన ఘంటసాల ఇంటింట మధుకరమెత్తి, పట్రాయని సీతారామశాస్త్రిగారి యొద్ద సంగీతము నభ్యసించెను.

ఆయన పాడినవి లెక్కకు మిక్కిలి. నేడవి ఫోనులో కుప్పగా లభించుచున్నవి. కనుకనే ఎచ్చట మొదలిడవలెనో తోచదు. సినిమా పాటతో మొదలిడుట వాడుక. పద్యముతో మొదలిడుట మేలని నా మనవి.

మొదట "పుష్పవిలాపము" వినవలెను. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రిగారి రచన. పూలు కోయవచ్చిన కవితో పూలు మొఱపెట్టుకొనుట అందలి విషయము. ఆనాటి గ్రామఫోను రికార్డుకు ఒక ప్రక్క సుమారు మూడు నిమిషములే వ్యవధి. నాటకరంగమున పద్యమును మించి పెరిగిన రాగాలాపనకు అందు చోటు లేదు. ఘంటసాల రాగమును పద్యభావమునకు లోబరచెను. అన్వయము కుదిరినచోటనే విరుపు. దుఃఖము హెచ్చినచోటనే స్వరము సాగుట. ఒక్క అక్షరమైనను మాసిపోదు. తరగతిలో ముందుగా పద్యమును చదివించి, పిదప రికార్డు వినిపించి, గాయకుడు ఎచ్చట ఆగెనో, ఏల ఆగెనో గుర్తింపుమని విద్యార్థుల నడుగవచ్చును. అన్వయపాఠమునకు ఇంతకు మించిన సాధనము లేదు. తరువాత ఆ కవిదే "కుంతీకుమారి" వినిన, రెండు శోకములకు గల భేదము తెలియును.

రెండవ మెట్టు ఇతరులు కట్టిన వరుసలు. సాలూరు రాజేశ్వరరావుగారి సంగీతమున "మల్లీశ్వరి" (1951) వినవలెను. దేవులపల్లి కృష్ణశాస్త్రిగారి మాటలు నలుగకుండ గొంతును ఎంత మెత్తగా నిలుపవలెనో అందు తెలియును. సి.ఆర్. సుబ్బరామన్ బాణీలు కూర్చిన "దేవదాసు" (1953)లో త్రాగినవాని తడబాటు పలుకున వినిపించును. శ్రుతి మాత్రము తొణకదు.

మూడవది ఆయన తానే సంగీతదర్శకుడైన చిత్రములు. "పాతాళభైరవి" (1951) పాటలు పిల్లలకు సులువుగా పట్టుబడును. "లవకుశ" (1963)లో కుశలవుల పాటలను, పద్యములను లీల, సుశీలగార్లు పాడిరి. సుశీల విజయనగరపు బిడ్డ, ఆ కళాశాల విద్యార్థినియే. తానెట్లు పద్యము పాడునో యెఱిగినవాడు ఇతరులచే నెట్లు పాడించెనో అందు వినవచ్చును.

ఇంతవరకు వచ్చినవారు "జగదేకవీరుని కథ" (1961)లో పెండ్యాల నాగేశ్వరరావుగారు దర్బారీ కానడ రాగమున కూర్చిన గీతమునకు అర్హులు. కథలో ఆ గానమునకు శిల కరుగును. మొదటనే వినినవారికి అది గొంతు గారడిగా తోచును. క్రమమున వచ్చినవారికి ఆ స్వరములవెనుక ఆర్తి వినబడును.

భగవద్గీత కడపటిది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11వ తేదీన మరణించెను. గీత రికార్డు ఆ పిమ్మటనే వెలువడెను. శ్లోకము వెంట తెలుగు తాత్పర్యము చెప్పుచు నందు ఆయన గాయకుడుగా కంటె ఉపాధ్యాయుడుగా వినిపించును. పూలమొఱతో మొదలిడి ఈ మెట్టు చేరిన బాలునికి అది చావుపాట కాదు. అర్జునుని నిలువబెట్టి "లెమ్ము" అను మాట.

ఇన్నియు వినిన పిదప రికార్డును ఆపి, పాఠపుస్తకములోని పద్యమొకటి విద్యార్థిచే చదివింపవలెను. ఘంటసాలను అనుకరింప బనిలేదు. అర్థము తెలిసి విరిచి చదివిన చాలును. ఆ గురుకులపు విద్య వానికి కొంత అబ్బినట్లే.