పత్తి మీద వేలాడే బల్బు

ఫోన్ తీయండి. కెమెరా ఆన్ చేసి మీ గదిలో సీలింగ్ లైటు వైపు జూమ్ చేయండి. నిచ్చెన అక్కర్లేదు, దేన్నీ ముట్టుకోవద్దు. హోల్డర్ చుట్టూ గోధుమ రంగు మరక ఉందా? టేపు చుట్టిన జాయింటు గాల్లో వేలాడుతోందా? రాగి తీగ బయటికి కనిపిస్తోందా? వీటిలో ఒక్కటి ఉన్నా సరే, "వెలుగుతోంది కదా" అని వదిలేయకూడదు.

"పదేళ్ల నుంచి వెలుగుతోంది, ఏమైంది?" మా వైపు చాలా ఇళ్లలో ఇదే మాట. పర్చూరు దగ్గర పల్లెలో ఉండే మా మామయ్య కూడా అదే అన్నాడు. అది కార్తీకమాసం. తీసిన పత్తి ముందుగదిలో నడుము ఎత్తున పోసి ఉంది. తేమ 12 శాతం దాటితే సీసీఐ కొనదు. పూర్తి మద్దతు ధర రావాలంటే 8 శాతం దాటకూడదు. అందుకే ఆరబెట్టి, రేటు చూసుకుని అమ్ముదామని ఇంట్లోనే ఉంచారు. సరిగ్గా ఆ కుప్ప పైన, రెండు తీగల మీద వేలాడుతూ ఒక బల్బు. ఆ జాయింటు నుంచే ఇంకో తీగ లాగి గోడకి ప్లగ్గు పెట్టారు. ఎండాకాలం కూలరు, మిగతా రోజుల్లో ఇస్త్రీపెట్టె దానికే.

2025-26 సీజన్‌కి పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకి 8,110 రూపాయలు. పది క్వింటాళ్లంటే 81 వేల పైమాటే. డబ్బు సంగతి అలా ఉంచండి, పక్క గదిలోనే అమ్మమ్మ పడుకుంటుంది.

బల్బు తప్పు కాదు

ఇక్కడ చిన్న లెక్క ఉంది. 230 వోల్టుల మీద 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు లాగేది 0.04 ఆంపియర్లు. అంత తక్కువ కరెంటుకి వదులు జాయింటు కూడా పెద్దగా వేడెక్కదు. అదే జాయింటు మీద 1000 వాట్ల ఇస్త్రీపెట్టె పెడితే 4 ఆంపియర్లు దాటుతుంది. అంటే కరెంటు వంద రెట్లు. వేడి మాత్రం వంద రెట్లతో ఆగదు, కరెంటు వర్గంతో పెరుగుతుంది. పదివేల రెట్లు!

మరి ఎంసీబీ పడిపోదా? పడదు. దానికి 4 ఆంపియర్లు మామూలు లోడే. పైన జాయింటు మాడుతున్న సంగతి దానికి తెలీదు.

ఇదంతా చెబితే మామయ్య నవ్వేశాడు. అత్తయ్య మాత్రం నవ్వలేదు. "ముందు మెయిన్ కట్టెయ్యండి, పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి" అంది. ఆ రాత్రి అందరం ఆరుబయటే పడుకున్నాం. మర్నాడు టేపు విప్పితే లోపల తొడుగు నల్లగా మాడి, ముట్టుకుంటే పెళుసుగా రాలింది. ఇంకోటి కూడా బయటపడింది. స్విచ్ ఫేజ్ తీగకి కాకుండా న్యూట్రల్‌కి వేశారు. అంటే స్విచ్ ఆపినా హోల్డర్‌లో కరెంటు ఉన్నట్టే. ఇన్నేళ్లూ ఆపేశాం కదా అనుకుని బల్బు మార్చింది అమ్మమ్మే.

జాయింటు తీసేసి, కొత్త తీగ పైపులో వేసి, ప్లగ్గుకి వేరే లైను లాగారు. ఒక క్వింటా పత్తి ధర కూడా కాలేదు. పత్తిని కూడా లైటు లేని మూలకి జరిపాం.

మీ ఇంట్లో ఏది ఎంత ప్రమాదం?

ఇవి కనిపిస్తే ఇప్పుడే మెయిన్ ఆపండి: కాలిన వాసన, లైటు దగ్గర చిటపట శబ్దం, నల్లబడిన హోల్డర్, వానకి లైటు గుండా కారే నీళ్లు, ముట్టుకుంటే షాక్ కొట్టే గోడ. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అలాంటి ముసురు పట్టినప్పుడు పాత శ్లాబులు నీళ్లు పీలుస్తాయి. ఆ నీళ్లు పైపుల్లోంచి తిన్నగా లైటు దగ్గరికే దిగుతాయి. పైకి ఆరిపోయినట్టు కనబడినా, ఎలక్ట్రీషియన్ చూడకుండా మళ్లీ వేయకండి.

ఇవి ఈ వారంలోనే చూపించండి: ఒక్క లైటే మినుకుమినుకుమంటే అక్కడ జాయింటు వదులైందేమో. ఇల్లంతా ఒక లైటు డిమ్ముగా, ఇంకోటి మరీ ప్రకాశంగా ఉంటే న్యూట్రల్ తేడా కావచ్చు. అప్పుడు మెయిన్ ఆపి 1912కి ఫోన్ చేయండి. స్విచ్ ఆపినా ఎల్‌ఈడీ మసకగా వెలుగుతుంటే, మా మామయ్య ఇంట్లో లాంటి కనెక్షన్ అయ్యుండొచ్చు. స్విచ్‌లో ఉండే ఇండికేటర్ దీపం వల్లా అలా జరుగుతుంది. టెస్టర్‌తో తేల్చాల్సింది ఎలక్ట్రీషియనే.

ఎంసీబీ మీద అంకె కూడా చూడండి. లైట్లకి సాధారణంగా 6 లేదా 10 ఉంటుంది. సన్న తీగల లైట్ల లైనుకి 32 పెట్టి ఉంటే, ఎంసీబీ పడేలోపు తీగే కాలుతుంది. పాత ఫ్యూజులో లావు రాగితీగ చుట్టినా ఇదే గతి.

ఇవి చూడ్డానికి బాగుండవు గానీ భయం లేదు: గోడ మీద కనబడే కేసింగ్ పట్టీ, పసుపు రంగుకి మారిన స్విచ్‌బోర్డు. లోపల తీగలు గట్టిగా ఉంటే చాలు.

నల్లరేగడి సంగతి

మన నేలకి ఒక గుణం ఉంది. వానాకాలం తేమ బాగా పట్టుకుంటుంది. మే నెలలో నెర్రెలిచ్చి ఎర్త్ రాడ్‌ని వదిలేస్తుంది. అప్పుడు ఎర్త్ ఉన్నా అంతగా పనిచేయదు. వేసవిలో ఎర్త్ గుంతలో రోజూ బకెట్ నీళ్లు పోయమని పెద్దవాళ్లు చెప్పేది అందుకే. దాంతోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. ఎంసీబీ తీగని కాపాడితే, ఇది మనిషిని కాపాడుతుంది. దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. పడిపోకపోతే మార్చాల్సిందే.

ఎవరికైనా షాక్ కొడితే మనిషిని పట్టుకోకండి. ముందు మెయిన్ ఆపండి. అది దూరంగా ఉంటే ఎండు కర్రతో తీగని తప్పించి 108కి ఫోన్ చేయండి. మంటొస్తే కరెంటు ఆపకుండా నీళ్లు పోయొద్దు. 101కి చెప్పండి.

హాస్టల్లోనో, హైదరాబాద్‌లోనో ఉన్నారా? ఇంట్లో వాళ్లకి ఈ రాత్రే ఫోన్ చేసి ప్రతి గది సీలింగ్ ఫొటో పంపమనండి. పత్తి, ఎండుమిర్చి పోసిన గది ఫొటో ముందుగా అడగండి.