చెట్టు కొట్టుటకు అనుమతి యెందుకు?

"నా పొలము గట్టున నేను పెంచిన టేకుచెట్టును కొట్టుకొనుటకు సర్కారువారి అనుమతి యేల?" అని పలువురు రైతులు అడుగుచుందురు. ఇది సమంజసమైన ప్రశ్నయే. బండి కెక్కిన దుంగను చూచి అది అడవిలోనిదో, పట్టా భూమిలోనిదో చెప్పుట కష్టము. కలప రవాణాకు పర్మిట్టు పెట్టుటకు ఇదియే కారణము. అడవులపై ప్రభుత్వ అజమాయిషీ కాలక్రమమున చాల మారినది. ఆ మార్పులను తెలిసికొనిన రైతు నష్టపడకుండ జాగ్రత్త పడగలడు.

పూర్వపు పద్ధతి

ఆంధ్ర జిల్లాలలో 1882 నాటి మద్రాసు అటవీ చట్టము, తెలంగాణములో హైదరాబాదు అటవీ చట్టము అమలులో నుండెడివి. రెండింటి స్థానమున 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము వచ్చినది. ఆ రోజులలో కూపులను వేలము వేసి కాంట్రాక్టర్లకు ఇచ్చుట వాడుక. అడవిని ఇతర పనులకు మళ్ళించు అధికారము రాష్ట్రములదే.

కేంద్రము, న్యాయస్థానము

1976లో 42వ రాజ్యాంగ సవరణచే అడవులు ఉమ్మడి జాబితాలో చేరినవి. 1980 అక్టోబరు 25 నుండి, కేంద్రము ముందుగా అనుమతించనిదే అటవీ భూమిని వేరు పనులకు వాడరాదని నిర్ణయమైనది. ఆదాయము కంటె నేల, నీరు, వాతావరణముల రక్షణయే ముఖ్యమని 1988 జాతీయ అటవీ విధానము చెప్పినది. 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, నిఘంటువు అర్థములో అడవి అనదగిన ప్రతి భూమియు, యజమాని యెవరైనను, 1980 చట్టము క్రిందికి వచ్చునని చెప్పినది. కేంద్రము ఆమోదించిన ప్రణాళిక ప్రకారమే అడవులలో చెట్లు కొట్టవలెనని ఆదేశించినది.

గ్రామసభ హక్కు

2006 అటవీ హక్కుల చట్టము మరొక మలుపు. 2005 డిసెంబరు 13కు ముందునుండి సాగులోనున్న గిరిజనులకు 4 హెక్టార్లకు మించకుండ హక్కు లభించును. ఇతర సాంప్రదాయిక నివాసులు మూడు తరముల, అనగా 75 సంవత్సరముల, నివాసమును రుజువు చేయవలెను. హక్కుల విచారణ గ్రామసభలోనే మొదలగును.

2023 సవరణ

ఈ సవరణ 1980 చట్టమును ముఖ్యముగ నోటిఫై అయిన అడవులకును, 1980 అక్టోబరు 25 నుండి సర్కారు రికార్డులలో అడవిగా నమోదైన భూములకును పరిమితము చేసినది. అయినను రాష్ట్రములు అడవుల గుర్తింపును ముగించువరకు 1996 నాటి అర్థమునే పాటించవలెనని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో మధ్యంతర ఉత్తర్వు నిచ్చినది.

రైతులు గమనించవలసినవి

1. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము (వాల్టా) ప్రకారము పట్టా భూమిలోని చెట్టునకైనను అనుమతి కావలెను. కొన్ని జాతులకు మినహాయింపు గలదు. మీ చెట్టు అందులో నున్నదో లేదో ఫారెస్టు రేంజి కార్యాలయములో ముందే విచారించుడు.

2. దరఖాస్తుకు ముందు పాసుపుస్తకము, అడంగలు లేక పహాణీ సరిచూచుకొనుడు. పొలము అడవి హద్దున నున్నచో సర్వే చేయించుట మేలు.

3. పర్మిట్టు చేతికి రాకుండ దుంగలను బండి కెక్కించకుడు. పట్టుబడినచో కలపతోపాటు బండి, ట్రాక్టరు కూడ జప్తు కావచ్చును. వర్తకుని మాట నమ్మి రవాణా చేసిన రైతు ఒక చెట్టు ధరకై ట్రాక్టరునే పోగొట్టుకొను ప్రమాదమున్నది.

4. 2017లో కేంద్రము అడవి వెలుపలి వెదురును "చెట్టు" నిర్వచనమునుండి తొలగించినది. ఐనను మన రాష్ట్ర నియమములను అడిగి తెలిసికొనుడు. ఎర్రచందనమునకు మాత్రము నిబంధనలు మిక్కిలి కఠినము.

చెట్టు నాటిననాడే దానిని రికార్డులో వ్రాయించిన రైతునకు, కొట్టునాడు తన చెట్టని రుజువు చేయుట సులభమగును.