పాలకుని చేతికీ హద్దు ఉంది

ఇస్లాం దృష్టిలో సంపద అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. ధర్మబద్ధంగా సంపాదించిన సొమ్మును దొంగ ముట్టుకోరాదని అందరికీ తెలుసు. సింహాసనంపై కూర్చున్నవాడు సైతం దానిని హద్దు మీరి ముట్టుకోరాదన్న సంగతి చాలామంది ఆలోచించరు. హిజ్రీ 10 (క్రీ.శ. 632)లో తమ అంతిమ హజ్ ప్రసంగంలో దైవప్రవక్త (స) ప్రజల ప్రాణాలు, ధనం, మానం పవిత్రమైనవని ప్రకటించారు. ఆ ప్రకటన నుంచి పాలకులకు మినహాయింపు లేదు.

బజారులో, రేవులో, బాటలో అన్యాయంగా గుంజే సుంకాన్ని అరబ్బీలో 'మక్స్' అంటారు. ధర్మవేత్తలు దీనిని ఘోర పాపాల్లో చేర్చారు. అలాగని అసలు సుంకమే ఉండరాదని వారు అనలేదు. బాటలకు కాపలా కావాలి, సైన్యానికి జీతాలు కావాలి. ఎంత తీసుకోవాలి, ఎన్నిసార్లు తీసుకోవాలి అన్నదే ప్రశ్న.

ఒక గుర్రం, రెండు సుంకాలు

రెండవ ఖలీఫా హజ్రత్ ఉమర్ (రజి) పాలనలో (634-644) వర్తక సుంకానికి రేట్లు ఖరారయ్యాయి. ముస్లిం వర్తకుని సరుకుపై నలభయ్యో వంతు. ఇది అతని జకాతు. రాజ్యంలోని ముస్లిమేతర వర్తకుల నుంచి ఇరవయ్యో వంతు. పరదేశాల వర్తకుల నుంచి పదో వంతు, ఎందుకంటే ఆ దేశాలవారు ముస్లిం వర్తకుల వద్ద అంతే తీసుకునేవారు. రేట్లు అందరికీ ఒకటి కాకపోయినా, ఎవరి రేటు ఎంతో ముందే తెలిసేది.

ఖలీఫా హారూన్ రషీద్ కోసం ఖాజీ అబూ యూసుఫ్ రాసిన 'కితాబుల్ ఖరాజ్'లో ఒక సంఘటన ఉంది. తగ్లిబ్ తెగకు చెందిన ఒక క్రైస్తవుడు గుర్రంతో సుంకాధికారి జియాద్ బిన్ హుదైర్ వద్దకు వచ్చాడు. గుర్రం వెల 20,000గా కట్టారు. అతను 1,000 చెల్లించి వెళ్లాడు. అదే ఏడాది మళ్లీ ఆ దారిన వస్తే ఇంకో 1,000 అడిగారు. అతను నేరుగా ఖలీఫా వద్దకు వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఉమర్ (రజి) నీకిక బాధ లేదన్నట్లు ఒక్క మాట అని ఊరుకున్నారు. ఆ మాటతో పని జరుగుతుందని అతనికి నమ్మకం కలగలేదు. రెండో వెయ్యి కట్టడానికే సిద్ధపడి తిరిగి వచ్చాడు. తీరా చూస్తే ఖలీఫా ఉత్తరువు అతని కన్నా ముందే చేరి ఉంది. ఏడాది తిరిగేదాకా అతని వద్ద ఏమీ తీసుకోరాదన్నది దాని సారాంశం.

మొరపెట్టుకున్నవాడు ముస్లిం కాడు. తప్పు తేలింది సర్కారు అధికారిది. ఇది మనం గమనించవలసిన విషయం.

తర్వాత ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717-720) ఈ నియమానికి రాతబలం చేకూర్చారు. వసూలు చేసిన సొమ్ముకు ఏడాదిదాకా చెల్లే రసీదు రాసి ఇవ్వాలని ఈజిప్టు సుంకాధికారిని ఆదేశించారు. ఈ ఆదేశం ఇమామ్ మాలిక్ 'మువత్తా'లో నమోదై ఉంది. రసీదు చేతిలో ఉన్న వర్తకుణ్ణి రెండోసారి ఎవరు అడగగలరు?

మన తీరాన ఒక శాసనం

ఈ ఎరుక ఒక్క ముస్లిం రాజ్యాలకే పరిమితం కాదు. మన బాపట్ల జిల్లా మోటుపల్లిలో కాకతీయ గణపతిదేవుడు 1244లో అభయశాసనం వేయించాడు. అంతకు ముందటి రాజులు తుపానుకు పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ బలవంతంగా లాక్కునేవారని ఆ శాసనమే చెబుతోంది. ప్రాణాలకు తెగించి సముద్రం దాటేవారిపై దయతో, నిర్ణీత సుంకం తప్ప మిగిలినదంతా వారికే వదిలేస్తున్నానని గణపతిదేవుడు ప్రకటించాడు. ఎగుమతులపైన, దిగుమతులపైన ముప్పయ్యో వంతు తీసుకుంటామని రాతిపై చెక్కించాడు. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి అక్కడే మరో శాసనంతో వర్తకులకు మళ్లీ అభయమిచ్చాడు.

ఆపద వేళ హద్దు నిలుస్తుందా?

హద్దు రాసిపెట్టుకున్నా, యుద్ధం వచ్చిపడితే పాలకుని చేయి ముందుగా ప్రజల పెట్టెల మీదికే వెళ్తుంది. 1258లో మంగోలులు బాగ్దాద్‌ను నేలమట్టం చేశారు. మరుసటి ఏడాది ఈజిప్టు సుల్తాన్ ఖుతుజ్ యుద్ధ ఖర్చుకు ప్రజల సొమ్ము తీసుకోవచ్చా అని ఉలమాలను అడిగాడు. షేఖ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ తీసుకోవచ్చనే అన్నారు, అయితే షరతు పెట్టారు. ముందు బైతుల్‌మాల్ ఖాళీ కావాలి. అమీర్లు తమ బంగారు నడికట్లు, ఖరీదైన సామగ్రి అమ్మి, గుర్రం, ఆయుధం మాత్రమే ఉంచుకుని సామాన్యులతో సమానం కావాలి. ఆ తర్వాతే ప్రజలను అడగాలి.

1260లో ఐన్ జాలూత్ వద్ద విజయం లభించింది. అయితే ఖుతుజ్ వేసిన పన్నులు ప్రజలకు భారంగానే మిగిలాయి. అతని తర్వాత గద్దెనెక్కిన బైబర్స్ వాటిని రద్దు చేశాడు.

రద్దు చేసిన పన్ను కూడా ఒక్కోసారి చావదు. ఔరంగజేబు తన పాలన తొలి ఏళ్లలో రాహ్‌దారీ వంటి బాట సుంకాలను ఎత్తివేశాడు. దూరప్రాంతాల ఫౌజుదార్లు, జాగీర్దార్లు వసూలు మానలేదని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఫర్మానా జారీ చేసేవాడు ఢిల్లీలో ఉంటే, చేయి చాపేవాడు బాట పక్కన ఉంటాడు.

కనుక హద్దు గీసినంత మాత్రాన చాలదు. అది రాతలో ఉండాలి, కట్టేవాని చేతిలో దాని నకలు ఉండాలి, మీరినప్పుడు మొర వినేవాడుండాలి. చెల్లించవలసిన పన్నును నిజాయితీగా చెల్లించడం మన బాధ్యత. చెల్లించినదానికి రసీదు అడగడం మన హక్కు. మన పెద్దలు పదమూడు శతాబ్దాల క్రితమే ఆ రసీదును చట్టంలో చేర్చారని మన పిల్లలకు చెప్పుకుందాం.