డిస్కు లేని కంప్యూటర్లు

ఒక పాఠశాలలోని కంప్యూటరు గదిని ఊహించండి. అందులో ముప్పై కంప్యూటర్లు ఉన్నాయి. దేనిలోనూ హార్డ్‌డిస్కు లేదు. మీట నొక్కగానే ప్రతి కంప్యూటరూ తీగ ద్వారా మూలనున్న సర్వరును అడిగి, తనకు కావలసినది తెచ్చుకొని పని మొదలుపెట్టాలి. దీనినే నెట్‌వర్కు బూటింగ్ అంటారు. ఇందులో ఖర్చు తక్కువ. మరమ్మతులు ఒక్కచోట చేస్తే చాలు. కాని ఒక్కొక్క రోజు పీరియడులో సగం నల్లని తెరను చూస్తూనే గడిచిపోతుంది. అందరూ సర్వరును నిందిస్తారు, కొత్తది కొనమంటారు. చాలాసార్లు తప్పు దానిది కాదు.

అసలేం జరుగుతుందో చూద్దాం. మేల్కొన్న క్షణంలో ఆ కంప్యూటరుకు తన చిరునామా కూడా తెలియదు. నెట్‌వర్కు కార్డులో రాసిపెట్టిన కొద్దిపాటి సూచనలే దానికి ఆధారం. ఆ సూచనల పద్ధతి పేరు పి.ఎక్స్.ఇ. దాని 2.1వ రూపాన్ని ఇంటెల్ సంస్థ 1999లో ప్రకటించింది. జాతరలో తప్పిపోయిన పిల్లవాడిలాగా కంప్యూటరు ముందుగా కేక వేస్తుంది: "నా చిరునామా ఏది? నాకు కావలసిన ఫైలు ఎవరి దగ్గరుంది?" దీనికి బదులు చెప్పేది డి.హెచ్.సి.పి. సేవ. ఆ తరువాత టి.ఎఫ్.టి.పి. అనే పద్ధతిలో ఫైలును తెచ్చుకుంటుంది.

కాబట్టి "కంప్యూటరు రావడం లేదు" అంటే చాలదు. ఏ మెట్టు దగ్గర ఆగిందో తెలియాలి. తెరమీది సంఖ్య ఆ సంగతి చెబుతుంది. ఇ-61 అంటే తీగ సరిగా తగల్లేదని. ఇ-32 అంటే ఫైలు అడిగితే బదులు రాలేదని. సర్వరులో ఆ సేవ ఆగి ఉండవచ్చు, లేదా ఫైర్‌వాల్ దారి మూసి ఉండవచ్చు. చిరునామా దొరికి ఫైలు పేరు దొరకకపోతే ఇ-53 వస్తుంది. అప్పుడు గదంతా ఒకసారి వెతకండి. ఇంటర్నెట్టు కోసం ఎవరో తగిలించిన చిన్న రూటరు, సర్వరుకంటె ముందుగా తానే చిరునామాలు పంచిపెడుతూ ఉండవచ్చు!

అన్నిటికంటె తికమకపెట్టేది ఇ-51. అంటే కేకకు ఎవరూ పలకలేదని. తీగ బాగుంటుంది, సర్వరూ బాగుంటుంది. అడ్డుపడేది తీగలను కలిపే స్విచ్చి. తీగలు పొరపాటున వలయంగా కలిస్తే ఒకే సందేశం ఆగకుండా తిరిగి నెట్‌వర్కును ముంచేస్తుంది. దీనిని నివారించడానికి రేడియా పెర్ల్‌మన్ అనే శాస్త్రవేత్త 1985లో స్పానింగ్ ట్రీ అనే ఉపాయాన్ని రూపొందించారు. దాని పాత పద్ధతిలో, ఏ తీగ మేల్కొన్నా స్విచ్చి 15 సెకన్లు వింటుంది, మరో 15 సెకన్లు నేర్చుకుంటుంది, అప్పుడే దారి తెరుస్తుంది.

ఇక కేకల లెక్క చూడండి. మొదటి కేక తరువాత 4 సెకన్లు ఆగి రెండవది, 8 సెకన్లు ఆగి మూడవది, 16 సెకన్లు ఆగి నాలుగవది. అంటే చివరి కేక 28వ సెకనులో. దారి తెరుచుకునేది 30వ సెకనులో! రెండు సెకన్ల తేడాతో నాలుగు కేకలూ గాలిలో కలిసిపోతాయి. మరో 32 సెకన్లు ఎదురుచూసి కంప్యూటరు ఊరుకుంటుంది. అనుమానం తీరాలంటే మధ్యలో మరొక సాదా స్విచ్చి పెట్టి, ముందే వెలిగించి ఉంచండి. ఇప్పుడు బూటయితే దొంగ దొరికినట్లే. కంప్యూటర్లు తగిలించిన చోట్ల పోర్ట్‌ఫాస్ట్ వంటి ఏర్పాటు చేస్తే ఈ నిరీక్షణ తప్పుతుంది. స్విచ్చిని స్విచ్చితో కలిపే చోట మాత్రం అది పనికిరాదు.

బూటవుతుంది గాని నత్తనడక అయితే? అమ్మమ్మ కథ చెబుతుంటే మీరు ఊ కొడతారు కదా! ఊ అననిదే ఆమె తరువాతి మాట చెప్పదు. టి.ఎఫ్.టి.పి. తీరు అంతే. 512 బైట్ల ముక్క పంపి, ఊ కోసం ఆగుతుంది. 30 మెగాబైట్ల ఫైలుకు 61,440 ముక్కలు. ఒక్కొక్క దానికి సెకనులో వెయ్యోవంతు పట్టినా నిమిషం దాటుతుంది. ఎంత వేగమైన తీగ వేసినా లాభం స్వల్పమే, ఎందుకంటే కాలమంతా ఎదురుచూడటంలోనే పోతోంది. ముక్కను పెద్దది చేసుకొనే వీలు 1995లో వచ్చింది. 1,456 బైట్ల చొప్పున పంపితే సుమారు 21,600 ముక్కలే. 2015 నుంచి కొత్త కంప్యూటర్లకు హెచ్.టి.టి.పి. ద్వారా బూటయ్యే పద్ధతి కూడా ఉంది. అందులో ప్రతి ముక్కకూ ఊ కోసం ఆగనక్కరలేదు.